బోగీలో దీపాలు

మోడల్ రైలు బోగీలో దీపాలు పెట్టడం తేలికే, వాటికి కరెంటు తేవడమే కష్టం. ఎల్‌ఈడీ స్ట్రిప్ ఏ ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగినా ఇస్తారు. దొర్లే చక్రం నుంచి కరెంటు తెగకుండా పైకప్పు దాకా తేవడానికే ఓపిక కావాలి. ఇక్కడ తీసుకున్నది హెచ్‌ఓ సైజు, అంటే అసలులో 87వ వంతు ఉండే ఐసీఎఫ్ స్లీపర్ బోగీ. పొడవు సుమారు 245 మిల్లీమీటర్లు. డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోల్ లేఅవుట్ అయితే రైలు ఆగినా పట్టాల్లో 14, 15 వోల్టులు ఉంటాయి, దీపాలు ఆరవు. వోల్టేజి తగ్గించి వేగం తగ్గించే పాత డీసీ లేఅవుట్‌లో స్టేషన్ రాగానే బోగీ చీకటవుతుంది. అక్కడ బోగీలోనే బ్యాటరీ పెట్టుకోవడం నయం.

ముందు చక్రాలు చూడండి. ప్లాస్టిక్‌వైతే తీసేసి లోహపువి వేయాలి. లోహపు ఇరుసుకు ఉన్న రెండు చక్రాల్లో ఒకటి ఇరుసుకు కరెంటు ఇస్తుంది, రెండోదానికి మధ్యలో ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. బోగీ కింద ఇరుసులను పట్టి ఉంచే చట్రమే ట్రక్కు. ముందు ట్రక్కులోని రెండు ఇరుసులకూ అడ్డున్న చక్రం ఎడమకు రావాలి, వెనక ట్రక్కులో కుడికి రావాలి. అప్పుడు ముందు ట్రక్కు కుడి పట్టా నుంచి, వెనకది ఎడమ పట్టా నుంచి కరెంటు లాగుతాయి. ఒక్క ఇరుసు తిరగబడినా రెండు పట్టాలూ కలిసిపోయి షార్టే. బోగీని పట్టాల మీద పెట్టకముందే కుడి, ఎడమ చక్రాల మధ్య మల్టీమీటర్ పెట్టి చూసుకోండి.

ఇరుసు నుంచి కరెంటు తీయడానికి ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు వాడాలి. రాగి రేకుకు అంత స్ప్రింగు ఉండదు. సన్నగా కత్తిరించి, రెండు ఇరుసులనూ తాకేలా వంచి ట్రక్కుకు బిగించండి. వైరును మాత్రం రేకును బిగించకముందే టంకం వేసుకోవాలి, లేకపోతే ప్లాస్టిక్ కరిగిపోతుంది. రేకు ఎంత గట్టిగా నొక్కాలన్నది చేతికి అలవాటు కావలసిన విషయం. ఎక్కువైతే బ్రేకు వేసినట్టే, పది బోగీలు తగిలిస్తే ఇంజిను కదలదు. కొద్దిపాటి వాలులో వదిలిన బోగీ దానంతటదే దొర్లాలి. మలుపుల్లో ట్రక్కు తిరుగుతుంది కనుక మెత్తటి సన్న వైరును పివట్ పక్క రంధ్రంలోంచి కాస్త వదులుగా పైకి తీయండి.

రెండు వైర్లూ బ్రిడ్జి రెక్టిఫయర్‌కు వెళ్తాయి. దాని ప్లస్, మైనస్‌ల మధ్య 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెడితే మురికి పట్టా మీద అర సెకను కరెంటు పోయినా దీపం మినుకుమనదు. కెపాసిటర్‌కు నేరుగా కరెంటు ఇస్తే మొదటి క్షణంలో భారీగా లాగుతుంది. అందుకే దాని ప్లస్ కాలికి 100 ఓమ్‌ల రెసిస్టర్, ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా ఒక డయోడు ఉండాలి. కెపాసిటర్ రెసిస్టర్ గుండా నిండుతుంది, డయోడు గుండా ఖాళీ అవుతుంది. డయోడు గీత ఉన్న కాలు కెపాసిటర్‌కు అవతలి వైపు ఉండాలి.

మీటరుకు 60 దీపాలుండే 12 వోల్టుల స్ట్రిప్‌ను 50 మిల్లీమీటర్లకు ఒకసారి, కత్తెర గుర్తున్న చోటే కత్తిరించవచ్చు. బోగీకి నాలుగు భాగాలు చాలు, విడివిడి చేయకుండా ఒకే ముక్కగా తీసుకోండి. దాన్ని పూర్తి వెలుగులో వదిలితే బోగీ పెళ్లి పందిరిలా ఉంటుంది. 1 కిలో ఓమ్ రెసిస్టర్ వరుసలో పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడండి. ఇంకా ఎక్కువనిపిస్తే 4.7 కిలో ఓమ్‌ల దాకా వెళ్లండి. నా మటుకు నాకు, కిటికీలోంచి బెర్తు కనబడి దీపం కనబడకపోతే వెలుగు సరిపోయినట్టే. ట్యూబ్‌లైటు కాలపు బోగీకి తెల్లటి స్ట్రిప్, బల్బుల కాలపు బోగీకి పసుపు రంగుది తీసుకోవాలి.

పైకప్పు, గోడల ప్లాస్టిక్‌లోంచి వెలుగు బయటికి కారుతుంది. లోపల ముందు నలుపు, దాని మీద తెలుపు అక్రిలిక్ రంగు పూస్తే ఆగిపోతుంది. పైకప్పుకు జిగురు మాత్రం పెట్టకండి. వైర్లను కప్పు తీసి పక్కన పెట్టేంత పొడవు ఉంచండి. ఎప్పుడో ఒక టంకం ఊడక మానదు.