మేనేజరైన అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మడికి,

నీకు ప్రమోషన్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. టీమ్‌లో అమ్మాయిల పేర్లు ముందుకు తేవాలంటే నువ్వు జంకుతున్నావట, "ఆడమేనేజరు కదా, ఆడవాళ్లనే వెనకేసుకొస్తోంది" అంటారేమోనని. అంటారు, సందేహం లేదు. నీకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్లనీ అన్నారు. మరి వాళ్లు ఏం చేశారో తెలుసుకుంటే నీ జంకు కొంతైనా తగ్గుతుందని ఈ ఉత్తరం.

అయ్యలసోమయాజుల లలిత పేరు మీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరైనా ఎత్తారా? ఎత్తి ఉండరు. తెలుగింటి ఆడపిల్ల, 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్లకి పెళ్లి, పద్దెనిమిదేళ్లకల్లా భర్త పోయాడు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ప్రిన్సిపాల్ చాకో గారిని ఒప్పించి కూతుర్ని అక్కడే చేర్పించారు. ఇంతవరకూ చూస్తే ఇది ఒక తండ్రి పలుకుబడి కథే. నిన్ను అంటారని నువ్వు భయపడుతున్న మాట ఆయన్నీ అనొచ్చు.

ఆ తర్వాత జరిగింది చూడు. కాలేజీ మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల కావడంతో లలితకి కొన్ని నెలల్లోనే ఒంటరితనం పట్టుకుంది. అప్పుడు సుబ్బారావు గారు, ఇకమీదట అమ్మాయిల్నీ చేర్చుకుంటామని కాలేజీ చేత బాహాటంగా ప్రకటన ఇప్పించారు. అది చూసి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి వచ్చి సివిల్‌లో చేరారు. పట్టాలిచ్చే రోజుకి అచ్చులో అంతా "అతడు" అనే ఉంది. దాన్ని కొట్టేసి, చేత్తో "ఆమె" అని దిద్ది ఇచ్చారు. ఆ ముగ్గురిలో త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీరైంది. ప్రకటనే లేకపోతే ఆమె గిండీ గేటు దాకా వచ్చేదా?

లలిత కూడా తన దారి తను చూసుకుని ఊరుకోలేదు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో డిజైన్ పని చేసింది. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పరికరాల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే మన దేశంలో అలాంటి సంఘమేదీ లేక సొంత హోదాలోనే వెళ్లింది. మూడేళ్లకి కేంబ్రిడ్జిలో రెండో సదస్సు జరిగేనాటికి భారత ప్రతినిధి బాధ్యత ఆమెదే. ఈసారి ఇక్కణ్ణుంచి మరికొందరు మహిళా ఇంజనీర్లు వెళ్లేలా పూనుకుంది. ఒళ్లో నాలుగు నెలల పాప ఉండగానే బతుకు తలకిందులైన మనిషి ఇదంతా చేసిందని గుర్తుపెట్టుకో.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ నీకు తెలిసిన పేరే, కానీ నీకు పనికొచ్చేది ఆవిడ రాజ్యాంగ సభ కథ కాదు. మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి చదివించిందే, అది. తను ప్రైవేటుగా కట్టి పాసైన పరీక్షే వాళ్ల చేతా రాయించింది. 1937లో ఆంధ్ర మహిళా సభ ఆ చదువుల్లోంచే పుట్టింది. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి. మైలాపూరులో చేసిన పనే దేశమంతా పథకమైందన్నమాట. గమనించావా, దుర్గాబాయి ఎవరికీ మార్కులు వేయించలేదు. పరీక్ష రాసింది వాళ్లే, పాసైందీ వాళ్లే. ఇందులో వెనకేసుకురావడం ఎక్కడుంది?

స్టేట్ బ్యాంకుకి 2013లో తొలి మహిళా చైర్‌పర్సన్ అయిన అరుంధతీ భట్టాచార్య హయాం కూడా చూడు. పిల్లల కోసమో, మంచానపడ్డ పెద్దవాళ్ల కోసమో ఉద్యోగం మానుకునే మహిళలకి రెండేళ్ల దాకా సెలవు తీసుకుని తిరిగి చేరే వీలు కల్పించారు. బ్రాంచి మేనేజరు దయ మీద ఆధారపడే పని అది కాదు, రాసిపెట్టిన నిబంధన.

ఇక నీకు రోజూ ఎదురయ్యే మీటింగుల సంగతి. ఒబామా హయాంలో వైట్‌హౌస్ ఉద్యోగినులు ఒక ఉపాయం పట్టారు. ఒకావిడ మంచి మాట చెప్తే, రెండో ఆవిడ దాన్నే మళ్లీ ఎత్తి, అది ఎవరి మాటో పేరుతో సహా చెప్పేది. అప్పటిదాకా వాళ్ల ఆలోచనలు బల్ల అవతలి మగవాళ్ల ఖాతాలో పడిపోతుండేవి మరి. కొన్నాళ్లకి ఒబామాయే గమనించి ఆడవాళ్లని పిలిచి మాట్లాడించడం పెంచారట. పైసా ఖర్చులేని పని. మీ టీమ్‌లో గొంతు పెద్దవాళ్లు ఎవరో, మెల్లగా ఒక్కమాటలో చెప్పి ఊరుకునేవాళ్లెవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చెప్పినవాళ్ల పేరు పట్టి చెప్పు, మగపిల్లాడైనా సరే.

ఆన్‌సైట్ అవకాశాలు, కొత్త ప్రాజెక్టులు మీ ఆఫీసుల్లో ఎక్కడ తేలిపోతాయో పెద్దమ్మకీ తెలుసులే. సాయంత్రం టీ దుకాణం దగ్గర. ఆరింటికి పిల్లల్ని తెచ్చుకోవడానికి పరిగెత్తే అమ్మాయి చెవిన ఆ కబురు పడేది ఎప్పుడు? "ఆమె రానంటుందేమో, పాపాయి చిన్నది కదా" అని అడక్కుండానే పేరు కొట్టేయడం ఇంకో అలవాటు. చూడ్డానికి జాలిలా ఉంటుంది గానీ దాంతో పోయేది ఆ అమ్మాయి ప్రమోషనే. రానంటే తననే అననియ్యి.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకో. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు ఇరవయ్యారు వారాలు. యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. మీ ఆఫీసులో అది పనిచేస్తోందో, తలుపుకి తాళమే ఉందో ఒకసారి వెళ్లి కళ్లారా చూసిరా. సెలవులో ఉన్నవాళ్లకి అప్రైజల్లో ఏ రేటింగ్ పడుతోందో కూడా హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడుగు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే తేల్చేస్తారు.

ముందుగా ఈ సోమవారం ఒక పని చెయ్యి. నీ దగ్గరున్న ఖాళీలు, వాటికి కావలసిన అర్హతలు, ఎవరిని ఏ లెక్కన ఎంచుతావో వివరంగా రాసి టీమ్ మొత్తానికి ఒకే మెయిల్ పెట్టు. ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయిల పేర్లు ఆ జాబితాలోంచి జారిపోకుండా చూసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ