నెలసరి నొప్పికి కోలాటం

అమ్మాయిలూ! నెలసరి రోజుల్లో ‘కదలకుండా ఓ మూల కూర్చో’ అనే మాట మీరు వినే ఉంటారు. అసలు నొప్పి ఎలా పుడుతుందో చూడండి. గర్భాశయం ఒక కండరపు సంచి. దాని లోపలి పొర రాలేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఆ కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి ఆక్సిజన్ చాలదు. అదే నొప్పి.

మరి కదిలితే? 2019లో కాక్రేన్ సమీక్ష 12 పరిశోధనలను పరిశీలించింది. వారానికి మూడుసార్లైనా, ముప్పావుగంట నుంచి గంటసేపు వ్యాయామం చేసినవారికి నొప్పి తగ్గినట్లు కనిపించింది. (రుజువులు ఇంకా బలపడాలనుకోండి.) నల్లమాడ పిల్లలు ఇందుకు ఎక్కడికీ పోనక్కరలేదు, కోలాటం ఉండనే ఉంది! అడుగు వేయడం, వంగడం, తిరగడం అన్నీ అందులోనే. కాని నొప్పి వచ్చిన నాడే కాదు, నెల పొడుగునా ఆడాలి సుమా! బడి మానేటంత నొప్పి నెలనెలా వస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.