త్రాసు, అద్దం, కీటో ఆహారం

ఇటీవలి సంవత్సరాలలో మన తెలుగునాట ఆహారాన్ని గురించి జరిగినంత చర్చ మరి దేనిని గురించీ జరగలేదనటం అతిశయోక్తి కాదు. 2017, 2018 ప్రాంతాల్లో శ్రీ వీరమాచనేని రామకృష్ణగారి ప్రసంగాలు ఊరూరా మారుమ్రోగాయి. తలకు రాసుకునే కొబ్బరినూనెను గ్లాసులో పోసుకొని త్రాగేవారిని చూచి మేము అప్పట్లో ముక్కున వేలేసుకున్నాము. కొన్నేళ్ళకు మా వంతూ వచ్చింది. మేము వైద్యులము కాము, తెలుగు బోధించేవారము. అయినా కీటో నియమాన్ని నాలుగు మాసాలు పాటించి, ఆ తరువాత అందులోని శాస్త్రాన్ని కొంత చదివి తెలుసుకున్నవారము గనుక, విద్యార్థులకు ఈ నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాము.

కీటో అనేది నిన్న మొన్నటిది కాదు. ఉపవాసముంటే మూర్ఛలు తగ్గుతాయని వైద్యులు వెనుకటి నుండి గమనిస్తూ వచ్చారు. అయితే ఎల్లకాలం ఉపవాసం ఎవరికి సాధ్యం? తింటూనే ఉపవాస స్థితిని కలిగించే ఉపాయాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. పిండిపదార్థాలను దాదాపుగా మాన్పించి, కొవ్వును ప్రధానాహారంగా ఇవ్వటమే ఆ ఉపాయం. 1938లో ఫెనిటాయిన్ అనే మందు వాడుకలోకి వచ్చాక ఈ పద్ధతి వెనుకబడింది. 1990లలో తిరిగి తలయెత్తింది. మందులకు లొంగని పిల్లల మూర్ఛకు నేటికీ వైద్యుల పర్యవేక్షణలో దీనిని వాడుతున్నారు. సన్నబడటం కోసం పుట్టిన ఆహారం కాదిది. రోగి గదిలో నుండి బయలుదేరి పెళ్ళివారి ఇంటికి చేరింది.

ఇక దేహంలో జరిగేదేమిటో చూద్దాము. మనం తినే అన్నం, రొట్టె, చక్కెర గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోను, కండరాలలోను నిల్వ ఉంటుంది. పెద్దవారిలో ఈ నిల్వ సుమారు 400 నుండి 500 గ్రాములు. ప్రతి గ్రామును అంటిపెట్టుకొని సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. కీటోలో పిండిపదార్థం రోజుకు 50 గ్రాములు మించరాదు. మనం కూరతో కలుపుకొని తినే మొదటి ముద్దలతోనే ఆ లెక్క చెల్లిపోతుంది! ఇలా తగ్గించిన కొద్ది రోజులలోనే ఆ నిల్వ చాలావరకు తరిగి, దానితోపాటు నీరూ పోతుంది. మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా బయటికి పంపుతాయి. మొదటి వారంలో వచ్చే తలనొప్పికీ, నీరసానికీ, పిక్కలు పట్టుకోవటానికీ చాలావరకు ఇదే కారణం. అటుపిమ్మట కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చటం మొదలుపెడుతుంది. మెదడు వాటిని ఇంధనంగా స్వీకరిస్తుంది. ఆ కీటోన్లలో ఒకటైన అసిటోన్ ఊపిరితో బయటికి వచ్చి, మాగిపోయిన పండు వాసన వేస్తుంది. ఆ రోజుల్లో ముందు బెంచీలవారు ఒక వరుస వెనక్కు ఎందుకు జరిగారో మాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి వారంలోనే మేము మూడు కిలోలు తగ్గాము. త్రాసు దిగుతుంటే కలిగిన విజయగర్వం ఇంతా అంతా కాదు. అందులో అధికభాగం నీరేనని అప్పుడు తెలియదు. ఇరవయ్యవ రోజున బంధువుల ఇంట వలీమా. రెండు పళ్ళాల బిరియానీ, ఒక గిన్నెడు ఖుబానీ కా మీఠా కాదనలేకపోయాము. మరి రెండు రోజులకు త్రాసు రెండు కిలోలు ఎక్కువ చూపింది. ఒక పూట తిన్న తిండితో రెండు కిలోల కొవ్వు ఎలా వచ్చి చేరుతుందని లెక్క వేసుకోవలసినది. వేసుకోలేదు. ఖాళీ అయిన గ్లైకోజెన్ తిరిగి నిండి, తన నీటిని తాను రాబట్టుకున్నది, అంతే. మేము మాత్రం మహాపరాధం చేసినవారి వలె మరునాడు పచ్చి మంచినీళ్ళతో గడిపాము. అద్దంలో పొట్ట కూడా పెరిగినట్టే కనిపించింది. కంటికి త్రాసు చెప్పిన మాటే వేదం.

ఈ నియమంలో ఒక చిత్రమున్నది. అన్నింటికంటె మేలు చేసే మార్పు కంటికి కనబడదు. కాలేయంలో పేరుకున్న కొవ్వు మొదటి వారాలలోనే గణనీయంగా తగ్గటం మొదలవుతుంది; దానిని ఏ అద్దమూ చూపదు. కంటికి ముందుగా కనబడేది ముఖం. మాకు రెండవ మాసానికి బుగ్గలు లోపలికి పోయాయి, మెడ క్రింది చర్మం వదులైంది. మూడవ మాసంలో దువ్వెన నిండా వెంట్రుకలు. వేగంగా బరువు తగ్గినపుడు వెంట్రుకలు కొన్ని ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోయి, రెండు మూడు మాసాల తరువాత రాలుతాయి. సాధారణంగా తిరిగి మొలుస్తాయి. అది తెలియక మేము పడిన బెంగ వర్ణనాతీతం.

ఇక లోకుల మాటలు. భాషాబోధకులము గనుక ఇక్కడ కొంచెం ఆగుతాము. తెలుగులో 'ఒళ్ళు చేశావు' అన్నది దెప్పుడూ కావచ్చు, మెప్పూ కావచ్చు. 'చిక్కిపోయావు' అన్నదానిలో ఎప్పుడూ జాలే ఉంటుంది. మా ఇంటి ఉర్దూలో లావైనవాడిని 'సెహత్ బన్ గయీ' అంటారు. అంటే ఆరోగ్యమే వచ్చిందన్నమాట. పన్నెండు కిలోలు తగ్గి ఇంటికి వెళితే మా అమ్మగారు 'సూఖ్ గయే బేటా' అని కొంగు కంటికి అద్దుకున్నారు. స్టాఫు రూములో ఒక పెద్దాయన మమ్మల్ని ప్రక్కకు పిలిచి, 'షుగరు ఎప్పుడు బయటపడింది?' అని రహస్యంగా అడిగారు. కవులు మాత్రం తక్కువవారా? మన ప్రబంధాలలో నాయిక నడుము అసలు ఉన్నదా లేదా అనే సందేహం తీరదు. ఉర్దూ గజలులోని ప్రియురాలి కమర్ కూడా అంతే, వెదికినా దొరకదు. మన కళాశాలలోని రెండు భాషాశాఖలూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయాలలో ఇదొకటి.

మనిషి తన దేహాన్ని గురించి మనసులో ఒక చిత్రాన్ని నిర్మించుకుంటాడనీ, అద్దంలోని రూపమూ అదీ ఒకటి కాదనీ వియన్నాకు చెందిన పాల్ షిల్డర్ 1935లో ఒక గ్రంథంలో వివరించాడు. ఇది మాకు అనుభవానికి వచ్చింది. 84 కిలోల నుండి 72కు దిగినా, దుకాణంలో చొక్కా కొనబోతే పాత కొలతకే చేయి పోయేది. ఇరుకు దారిలో ఇద్దరి మధ్య నుండి పోవలసి వస్తే ప్రక్కకు తిరిగేవారము. దేహం నాలుగు మాసాలలో మారింది. మనసులోని బొమ్మకు ఆ కబురు అందలేదు.

త్రాసు చెప్పేది కూడా సగమే. 2004లో లాన్సెట్ పత్రికలో పుణెకు చెందిన యాజ్ఞిక్, లండనుకు చెందిన యడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు తమ ఫోటోనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును చెప్పే సూచిక ఇద్దరికీ 22.3. దేహంలో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుడు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోయగలడు. అందుకే మనవారికి ఆ సూచిక 23 చేరితే అధిక బరువు, 25 చేరితే ఊబకాయం అని 2009లో మన వైద్య నిపుణులు నిర్ణయించారు. ఇన్సులిన్ తీసుకొనేవారు, మధుమేహానికి గ్లిఫ్లోజిన్ జాతి మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఈ నియమం జోలికి పోరాదు.

ఇంత చెప్పిన మేము చేసిన ఒక పొరపాటు చెప్పక తప్పదు. హాస్టలులో ఉండే ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె, 'సార్, మీరెలా తగ్గారు?' అని అడిగింది. పొగడ్తకు లొంగి, అర ఠావు మీద ఆహార పట్టిక వ్రాసి ఇచ్చాము. ఆమె ఎత్తు ఎంత, బరువు ఎంత అని అడగాలనైనా తోచలేదు. రెండు మాసాల తరువాత ఒకనాడు పద్యం చదువుతూ చదువుతూ ఆమె బల్ల పట్టుకొని కూర్చుండిపోయింది. హాస్టలులో ఆ పట్టికలోని జున్ను, వెన్న ఎక్కడివి? ఉడికించిన గ్రుడ్డు, మజ్జిగతోనే రోజులు వెళ్ళబుచ్చుతున్నదట. అయిదడుగుల రెండంగుళాల పిల్ల, మొదట ఉన్న బరువు 48 కిలోలు. సూచిక లెక్కకు 19 పైచిలుకు, తగ్గవలసినది ఏమీ లేదు. రక్తం బాగా తక్కువగా ఉన్నదని వైద్యురాలు చెప్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆ లెక్కను ఎన్నోసార్లు చదివాము. మా తరగతిలోనే ఉన్నదని అనుకోలేదు.

ఆమె తల్లి వచ్చినపుడు జరిగినదంతా చెప్పి, ఆ కాగితం వెనక్కు ఇమ్మని అడిగాము. పిల్ల పుస్తకంలో నుండి తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నది. ప్రక్కన తన చేతివ్రాతతో ప్రతివారం బరువు వేసుకున్నది. చివరి అంకె 41. దాని క్రింద, 'ఇంకా లావుగానే ఉన్నాను' అని వ్రాసుకున్నది.

ఆ కాగితం మా బల్ల సొరుగులో ఉన్నది. ఆ పిల్ల ఇప్పుడు తృతీయ సంవత్సరం చదువుతున్నది. మధ్యాహ్నం నేస్తాలతో కలిసి అన్నం తింటున్నది. మేము రాత్రిపూట జొన్నరొట్టెకు వచ్చి, 76 కిలోల దగ్గర ఆగాము.