చేరిన చదువును వదలకుండా మళ్ళీ నీట్ రాయడం ఎలా?



మేము సోమందేపల్లె హాస్టలుకు వచ్చినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "డిగ్రీలో చేరిపోయాము. మళ్ళీ నీట్ రాయవచ్చా? ఇంట్లోవాళ్ళు రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటున్నారు." మాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు జవాబు ఈ సంచికలో రాస్తున్నాము.

మా అనుభవం

మేము నలుగురం 2020లో ఇంటర్ బైపీసీ ముగించాము. కరోనా వల్ల ఆ ఏడాది నీట్ సెప్టెంబరు 13న జరిగింది. ఎవరికీ సీటు రాలేదు. నలుగురమూ బి.యస్సీ.లో చేరి, 2021 సెప్టెంబరు 12న మళ్ళీ రాశాము. ఒకరికి ఎం.బి.బి.యస్. సీటు వచ్చింది. ఇద్దరం అర్హత మార్కులు దాటినా సీటు రాక డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు పీజీ చదువుతున్నాము. నాలుగో మిత్రుడు పరీక్షకు ఆరు నెలల ముందే కాలేజీ మానేశాడు. సీటూ రాలేదు, డిగ్రీలో ఒక ఏడాదీ పోయింది. నిజానికి మా నలుగురిలో తెలివైనవాడు అతడే. తరువాత వాళ్ళ నాన్న మమ్మల్ని చూసి, "మీరన్నా చెప్పకూడదా నాయనా?" అన్నాడు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆయనకు చెప్పలేని మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాము.

1. రాయడానికి అడ్డు లేదు

నీట్ ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు. డిగ్రీలో ఉన్నవారు కూడా ఇంటర్ మార్కుల ఆధారంగానే దరఖాస్తు చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటిలో కలిపి 40 శాతం మార్కులు ఉండాలి. కాబట్టి "చేరిపోయాము గదా, ఇక అయిపోయింది" అనుకోనవసరం లేదు.

2. అర్హత వేరు, సీటు వేరు

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 2025లో సుమారు 22 లక్షల మంది నీట్ రాస్తే 12 లక్షలకు పైగా అర్హత పొందారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.యస్. సీట్లు మాత్రం లక్షా ఇరవై వేల చిల్లరే. ఆ ఏడాది ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అర్హత మార్కు 720కి 113. అంటే 113 వచ్చినవారు "క్వాలిఫై" అయినట్టే గాని, సీటు దగ్గరకు వచ్చినట్టు కాదు. మళ్ళీ రాయాలా వద్దా అని నిర్ణయించేముందు, గత ఏడాది మన కేటగిరీలో ప్రభుత్వ కళాశాల సీటు వచ్చిన చివరి ర్యాంకు ఎంతో, మన ర్యాంకు ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తేడా కొద్దిగా ఉంటే ఒక ఏడాది కృషి సరిపోవచ్చు. చాలా ఉంటే తొందరపడరాదు. అదే ర్యాంకుతో బి.డి.ఎస్., ఆయుర్వేదం, హోమియో కోర్సులకు కూడా వెళ్ళవచ్చునని మరువవద్దు.

3. డిగ్రీ చదువులో లేనిది ఫిజిక్స్

బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకున్నవారికి రెండు సబ్జెక్టులు తరగతిలోనే కొంతవరకు తిరగేసినట్టవుతుంది. ఫిజిక్స్ మాత్రం పూర్తిగా చేజారిపోతుంది. నీట్‌లో దానికి 45 ప్రశ్నలు, 180 మార్కులు. మేము సీటు పోగొట్టుకున్నది అక్కడే. రోజుకు కనీసం గంటన్నర ఫిజిక్స్ లెక్కలకు కేటాయించండి. బయాలజీకి 90 ప్రశ్నలు, 360 మార్కులు. దానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలే ఆధారం.

తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలు గుర్తిస్తే, సగటున ఒకటి ఒప్పయి 4 వస్తాయి, మూడు తప్పయి 3 పోతాయి. మిగిలేది ఒక్క మార్కే. రెండు ఆప్షన్లు తప్పని తెలిసినప్పుడు గుర్తిస్తే, రెండు ప్రశ్నలకు సగటున 3 మార్కులు మిగులుతాయి. కాబట్టి తోసివేయడం నేర్చుకోండి, గుడ్డిగా గుర్తించకండి.

తెలుగు మాధ్యమం వారు తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు. అందులో ఇంగ్లీషు కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నదే చెల్లుబాటు. అందుకని సాంకేతిక పదాలు రెండు భాషల్లోనూ నేర్చుకోండి.

4. చేతిలో ఉన్నది పోగొట్టుకోవద్దు

అ) హాజరు 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంటుకూ, సెమిస్టరు పరీక్షలకూ ఇబ్బందే.

ఆ) సీటు కేటాయింపు ఉత్తర్వు చేతికి వచ్చేదాకా టి.సి. తీసుకోవద్దు. మా మిత్రుడు చేసిన తప్పు ఇదే.

ఇ) ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లో స్పష్టంగా ప్రకటించింది. చేరేటప్పుడే ఈ మాట మర్యాదగా చెప్పి, ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వండి. స్టడీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒకే ఫైలులో ఉంచుకోండి.

ఈ) కోర్సు మారేముందు సంక్షేమ శాఖ అధికారిని కలిసి ఉపకార వేతనం సంగతి అడిగి తెలుసుకోండి. మధ్యలో మానేసినవారిని తీసుకున్న సొమ్ము తిరిగి కట్టమనే నిబంధన పోస్ట్ మెట్రిక్ పథకంలో ఉంటూ వచ్చింది.

5. గడువు పెట్టుకోండి

డిగ్రీలో ఉంటూ ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఆ మాట ముందే అమ్మానాన్నలతో కూర్చుని చెప్పండి. అప్పు చేసి కోచింగుకు వెళ్ళే ఆలోచన ఉంటే, సీటు రాకపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారో కూడా ఆ రోజే మాట్లాడుకోండి.

చివరిగా ఒక మాట. మన అనంతపురం సీమలో వానలు ఆలస్యమై వేరుశనగకు అదను తప్పితే, రైతు చేను బీడు పెట్టడు, ఉలవలు చల్లుతాడు. అలాగని వచ్చే ఏటికి దాచిన విత్తనపు కాయలు అమ్ముకోడు. ఉలవ పంట చిన్నతనమూ కాదు, వేరుశనగ ఆశ తప్పూ కాదు. మీరు చేరిన డిగ్రీ కూడా అంతే. దాన్ని గౌరవంగా చదవండి. దాని నీడలో ఉండి మళ్ళీ ప్రయత్నించండి. డాక్టరైతే మన ఊరికి మంచిది. కాకపోయినా పట్టా చేతిలో ఉన్న బిడ్డ ఇంటికి దీపమే.

మీ అందరికీ విజయం కలగాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థులు