ఎండుగడ్డి బండి: ఒక పల్లె చిత్రంలోని ప్రశాంతత

పల్లెపట్టు చిత్రాన్ని చూడగానే "ఎంత ప్రశాంతంగా ఉన్నది!" అని మనమంతా అంటాము. ఆ ప్రశాంతత ఎక్కడ నుండి పుట్టినదో విచారించేవారు తక్కువ. ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శించిన ‘హే వెయిన్’ను, అనగా ‘ఎండుగడ్డి బండి’ని, ఈ దృష్టితో పరిశీలింపదలచితిమి.

స్టౌర్ నది లోతు తక్కువైనచోట ఖాళీబండి ఒకటి నిలిచి ఉన్నది. ఎడమ ప్రక్క విల్లీ లాట్ అనే రైతు ఇల్లు. ఒడ్డున ఒక కుక్క. కుడివైపు రెల్లు పొదలచాటున పడవ. సంఘటన అనదగినది ఏదీ లేదు. ఎవరూ మనవైపు చూడరు. నీరు, పచ్చిక అడ్డంగా పరుచుకొని చూపును మెల్లగా దూరానికి తీసికొనిపోతాయి. పచ్చదనమంతటి మధ్య గుర్రాల పట్టెడల ఎరుపు ఒక్కటే కంటికి తగులుతుంది. చిత్రం వెడల్పు సుమారు 185 సెంటీమీటర్లు. పుస్తకాలలోని చిన్న అచ్చు ప్రతులలో మేఘాల బరువు తెలియదని మా అభిప్రాయం.

ఈ నిశ్శబ్దం ఒక్కసారిగా కుదిరినది కాదు. ఇదే పరిమాణంలో చిత్రకారుడు ముందుగా వేసికొన్న నమూనా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. అందులో కుక్క సమీపాన గుర్రంపై ఒక మనిషి ఉన్నాడు. తుది చిత్రంలో అతనిని చెరిపివేశాడు. మనిషి తొలగగా ఆ ఒడ్డు మౌనం వహించినది.

తొలగింపబడినది అదొక్కటేనా? 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిసిన పిమ్మట ధాన్యం ధరలు పడిపోయి, ఆ ప్రాంతపు వ్యవసాయ కూలీలు పని లేక అలమటించారు. 1816లోను, 1822లోను అల్లర్లు చెలరేగాయి. చిత్రంలో వాటి జాడ లేదు. కాన్‌స్టబుల్ తండ్రి అక్కడి మరయజమాని. కుమారుడు బాల్యంలో ఎరిగిన ఆ తావును, పూర్వం గీచుకొన్న చిత్తుల ఆధారంగా, లండన్ చిత్రశాలలో కూర్చుని చిత్రించాడు. దీనిని అసత్యమని మేము అనజాలము; యజమాని కుమారునికి గుర్తున్న సత్యమిది.

ప్రదర్శించిననాడు దీనిని కొన్నవారు లేరు. 1824లో పారిస్ ప్రదర్శనలో మాత్రం ఫ్రాన్సు రాజు పదవ చార్లెస్ స్వర్ణపతకం లభించినది. ఇప్పుడిది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది.

చిత్రకారుడు దీనికి మొదట పెట్టిన పేరులో బండి ప్రసక్తి లేదు: ‘ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం’. ఆ మధ్యాహ్నపు ఎండలో, కుడివైపు బహుదూరాన, గడ్డి కోస్తున్న కూలీలు ఉన్నారు. తెల్లని చుక్కలుగా, ముఖాలు లేకుండా, వెదికితేగాని కనిపించరు.