విమానం లేచే వేళ: పొగ, భయం, చేతిసంచి

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన తరువాత, అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లవలసిన మన విజయపురి సౌత్ పెద్దలు బి.పి. చూపించుకోవడానికి వచ్చి మమ్మల్ని అడిగారు: "లేచేటప్పుడు ఇంజిన్ ఆగిపోతే మా గతి ఏమిటండీ?"

అక్కడ రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయాయి. అది బహు అరుదు. ఒక్కటే ఆగితే రెండవదానితో విమానం లేచి, తిరిగి దిగగలదు. వేగం ఇంకా తక్కువగా ఉంటే పైలట్ రన్‌వే మీదనే ఆపివేస్తారు.

ఆగిన తరువాతి నిమిషమే ముఖ్యం. 1985 ఆగస్టు 22న ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో లేవబోతున్న విమానం ఎడమ ఇంజిన్ పగిలి, ఒక ముక్క రెక్కలోని ఇంధన ట్యాంకుకు తగిలింది. విమానం నేల మీదనే ఆగింది. అయినా 137 మందిలో 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్ వాయువులు త్వరగా స్పృహ తప్పిస్తాయి.

ఆపదలో అందరూ కేకలు వేసి తొక్కుకుంటారని అనుకుంటాము. నిజానికి చాలామంది కొయ్యబారి కూర్చుండిపోతారు. అది పిరికితనం కాదు, శరీర స్వభావం. కొందరేమో సంచి కోసం లేస్తారు. 2016లో చికాగోలో ఇంజిన్ పగిలి మంటలు లేచినప్పుడు, సిబ్బంది వద్దంటున్నా కొందరు సంచులతోనే దిగారు. 170 మందీ బ్రతికారు గాని, దారిలో సంచి అంటే వెనకవారికి పొగ. మందులు అందులోనే ఉన్నాయంటారా? ఆ రోజుకు మాత్రలు, మందుల చీటీ జేబులో ఉంచుకోండి.

కూర్చోగానే తలుపు ఎన్ని వరుసల దూరమో లెక్కపెట్టుకోండి. పొగలో చేతితో తడుముకుంటూ వెళ్లాలి. వంగి నడవండి. బెల్టు కారు బెల్టులా నొక్కితే ఊడదు, మూత పైకెత్తాలి. ఒకటి రెండుసార్లు తీసి పెట్టి చూసుకోండి.