గిగాహెర్ట్జ్ చూసి ఫోన్ కొంటున్నారా? షెడ్యూలర్ చూసే లెక్క వేరే!

ఎండాకాలం మధ్యాహ్నం మా నల్లమాడలో గేమ్ ఆడితే కాసేపటికే ఫ్రేమ్స్ పడిపోతాయి. అదే ఫోన్, అదే గేమ్, చల్లబడ్డాక బాగానే ఆడుతుంది. ర్యామ్ చాలట్లేదు అనుకుంటాం గానీ, ముందు చూడాల్సింది ప్రాసెసర్ కెపాసిటీ.

ఆండ్రాయిడ్ కింద ఉండేది లినక్స్ కెర్నల్. ఏ పని ఏ కోర్‌కి ఇవ్వాలో తేల్చేది అందులోని షెడ్యూలర్. ఫోన్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు ఉంటాయి కదా. అన్నిటికంటే బలమైన కోర్ ఫుల్ స్పీడ్‌లో ఉంటే దాని కెపాసిటీ 1024. మిగతావి దానితో పోల్చి లెక్కేస్తారు. ఉదాహరణకి చిన్న కోర్‌ది 400 అనుకుందాం.

పనిని కూడా ఇదే కొలతలో కొలుస్తారు. దీనికి వాడే పెల్ట్ అనే పద్ధతి 2013లో లినక్స్ 3.8తో వచ్చింది. ఇందులో 32 మిల్లీసెకన్ల కిందటి పనికి విలువ సగమే, అంటే తాజా పనికే ఎక్కువ బరువు. కోర్ సగం స్పీడ్‌లో తిరుగుతుంటే అది చేసిన పనిని కూడా సగంగానే లెక్కిస్తారు.

ఒక కోర్‌లో పని పట్టాలంటే సుమారు 20 శాతం ఖాళీ మిగలాలి. గేమ్ లోడ్ 600 అయితే కనీసం 750 కెపాసిటీ కావాలి. చిన్న కోర్ చాలదు, పెద్దదానికే పోవాలి.

ఇప్పుడు ఎండ సంగతి. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు, వేడి బాడీ నుంచే బయటికి పోవాలి. బయట గాలే వేడిగా ఉంటే అది సరిగ్గా పోదు. అప్పుడు కెర్నల్ స్పీడ్‌కి కళ్ళెం వేస్తుంది. పెద్ద కోర్ 60 శాతానికి దిగితే మిగిలేది 614. మన గేమ్‌కి 750 కావాలి!

2020లో లినక్స్ 5.7 నుంచి షెడ్యూలర్ ఈ తగ్గుదలని కూడా లెక్కలోకి తీసుకుంటోంది. దీన్ని థర్మల్ ప్రెజర్ అంటారు. ఫోన్ కంపెనీలు తమ మార్పులు చేసుకుంటాయి గానీ, మూల సూత్రం ఇదే.

మా వైపు బోరు కథ కూడా ఇంతే. మోటారు మీద 5 హెచ్‌పీ అని ఉంటుంది. కానీ ఈరోజు ఎన్ని ఇంచుల నీళ్ళు పడుతున్నాయో చూసే రైతు ఎంత చేను తడపాలో తేల్చుకుంటాడు. స్పెక్ షీట్‌లోని గిగాహెర్ట్జ్ ఆ హెచ్‌పీ లాంటిది.

అందుకే కొనేముందు ఒక్కసారి కొట్టిన బెంచ్‌మార్క్ స్కోర్‌ని నమ్మకండి. అది చల్లటి ఫోన్ స్కోర్. ఏసీ లేని గదిలో, కేస్ తీయకుండా, 20 నిమిషాలు ఆపకుండా టెస్ట్ నడిపిన రివ్యూ వెతకండి. మొదటి స్కోర్ 100 అనుకుంటే చివరికి 85 నిలిచిందా, 60కి పడిందా? మొదట్లో కొంచెం తక్కువ కొట్టినా చివరిదాకా నిలబడే ఫోనే మన ఎండలకి కరెక్ట్.